మిరుగు నాడు ఎగిరిన గాలం

ఆ రోజుల్లో అనగానే మీకు ఎడ్లబండ్లూ కిరసనాయిలు బుడ్డీలూ కళ్లముందు కదిలితే, దయచేసి అంత వెనక్కి వెళ్లకండి. నేను చెప్పే ఆ రోజుల్లో కూడా ఫోను మీద వేలు పెడితే చెప్పుల నుంచి చింతపండు దాకా అన్నీ గడప ముందుకు వచ్చిపడేవి. మారిందల్లా నేనే. అప్పుడు నాకు కొత్త ఉద్యోగం, కొత్త ఫోను, వాటికి తోడు ఒక గట్టి నమ్మకం ఉండేవి. మనిషికి ఏ కష్టమొచ్చినా, దాన్ని తీర్చే యంత్రం ఒకటి ఎక్కడో ఇప్పటికే తయారై, అట్టపెట్టెలో పడుకుని, మన పిలుపు కోసం ఎదురుచూస్తూ ఉంటుందని ఆ నమ్మకం. (ఉద్యోగం తర్వాత మారింది. ఫోన్లు ఎన్ని మారాయో గుర్తులేదు. నమ్మకం మాత్రం ఒకే ఒక్క పూటలో, ఒక చెరువు గట్టు మీద ఊడిపోయింది.) ఆ పూటను తలుచుకుంటే ముందు నవ్వొస్తుంది. నవ్వడం అయ్యాక కాసేపు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు.

మాది శంషాబాద్ పక్కనున్న ఊరు. విమానాలు మా ఇళ్ల మీద నుంచి ఎంత కిందుగా పోతాయంటే, మా ఊళ్లో మాట్లాడేవాళ్లు మాట మధ్యలో ఆపి, మోత పోయాక ఆపిన అక్షరం దగ్గరే మళ్లీ అందుకుంటారు. తిట్లయినా అంతే, ఒక్క అక్షరం వదిలిపెట్టరు. నాకు ఆ ఎయిర్‌పోర్టులోనే సామాన్ల బెల్టు దగ్గర కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. చేసేది సూట్‌కేసులు ఎత్తి దించే పనే అయినా, మెడలో ఫోటో ఉన్న కార్డు వేలాడేది. ఇంటికొచ్చినా దాన్ని తీసేవాణ్ని కాదు. ఊళ్లో పెళ్లి భోజనాలకు కూడా వేసుకుపోయి, విస్తరి మీదికి వంగినప్పుడు నా ఫోటోను నేనే సాంబారులో ముంచుకున్న సందర్భాలున్నాయి.

మా బాపు వ్యవసాయం చేసే మనిషి. పొలం తర్వాత ఆయనకు అంత ఇష్టమైనది గాలం ఒక్కటే. మృగశిర కార్తె మొదలైన రోజును మా వైపు మిరుగు అంటాం. ఆ రోజు చేప తినాలన్నది ఆచారం. పొద్దున్నే చేపల బుట్టల ముందు జనం ఒకళ్ల మీద ఒకళ్లు పడతారు. మా బాపు ఆ గుంపులో ఎప్పుడూ నిలబడలేదు. "కొనుక్కొచ్చి తింటే గది మిరుగెట్లయితది రా?" అనేవాడు. తెల్లవారకముందే వెదురు గాలం భుజాన వేసుకుని చెరువుకు పోయి, అమ్మ పొయ్యి రాజేసే వేళకు చేపతో వచ్చేవాడు. చిన్నదో పెద్దదో, ఏదో ఒకటి. ఆ పూట వాకిట్లోకి వచ్చేటప్పుడు ఆయన నడకే వేరుగా ఉండేది.

అలాంటి మనిషికి ఆ ఏడు చలికాలంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. దవాఖానలో కొన్నాళ్లు ఉండి ఇంటికొచ్చాక కాలు కొంత దారికొచ్చింది, కర్ర పట్టుకుని వాకిట్లో నడవగలిగేవాడు. గొంతు బాగా సన్నబడిపోయి మాట ముద్దముద్దగా వచ్చేది. కుడి చెయ్యి మాత్రం ఒళ్లో పెడితే ఒళ్లోనే ఉండేది. పిసకమని డాక్టరు ఒక రబ్బరు బంతి ఇచ్చాడు. దాన్ని బాపు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. మా కుక్కే దాన్ని నోట్లో పెట్టుకుని శ్రద్ధగా పిసికి, దవడలు బాగా బలపరుచుకుంది. మళ్లీ చూపించడానికి పోతే డాక్టరు నన్ను బయటికి పిలిచి, "ఆయనకు మనసు పుట్టాలి. మనసు పుట్టకపోతే ఆ చెయ్యి అట్లనే బిగుసుకుపోతది. ఏదైనా ఆయనకు ఇష్టమున్న పనిలో పెట్టు" అన్నాడు. బాపుకు ఇష్టమున్న పని ఏదో మా అందరికీ తెలుసు. మిరుగు దగ్గర పడుతుంటే అమ్మ చూరులోంచి గాలం తీసి దుమ్ము దులిపింది. బాపు గోడవైపు తిరిగి పడుకుని, "పొయ్యిల వెట్టు దాన్ని" అన్నాడు. అమ్మ వినబడనట్టు ఊరుకుంది. వినబడలేదని చెప్పుకోవడానికి ఆ సమయానికి పైన ఒక్క విమానం కూడా పోవడం లేదు.

ఈ సంగతి మా బావతో చెప్పాను. మా అక్క మొగుడు. వాళ్లది భీమవరం వైపు, ఉద్యోగం సాఫ్ట్‌వేర్, కాపురం అత్తాపూర్‌లో. మనిషి బంగారం. కానీ యంత్రాల పిచ్చి ఉంది. వాళ్లింట్లో అన్నం ఉడికిందో లేదో అన్నం చెప్పదు, ఫోను చెబుతుంది. బావ నేను చెప్పిందంతా కళ్లు మూసుకుని విని, కళ్లు తెరిచి, "మామయ్య గారి ఇబ్బంది ఏమిటి? గాలం విసరలేకపోవడం. అంతే కదా బావమరిదీ? ఆ విసిరే పనేదో మనం ఆకాశానికి అప్పజెప్పేద్దాం" అన్నాడు. ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఏదో దేశంలో సముద్రపు ఒడ్డున ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒక డ్రోను ఆయన గాలాన్ని పట్టుకుని గాల్లో చాలా దూరం పోయి, నీళ్లలో వదిలి, బుద్ధిగా వెనక్కి వచ్చింది. ముసలాయన ఒళ్లో చెయ్యి తీయకుండానే చేప పట్టేశాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ముసలాయన ముఖం స్థానంలో బాపు ముఖం కనిపించింది.

వారం తిరిగేసరికి మా ఇంటికి అట్టపెట్టెలు రావడం మొదలైంది. నాలుగు రెక్కల డ్రోను. దాని కడుపుకు తగిలించే కొక్కెం, మీట నొక్కితే గాలాన్ని వదిలేస్తుంది. నీళ్లలో వేస్తే అడుగున చేపలెక్కడున్నాయో ఫోనుకు చూపించే బంతి. చేప కొరకగానే కుయ్యిమని అరిచే పరికరం, దానికి జేబులో పెట్టుకునే జోడీ ఒకటి. వేలితో మీట నొక్కితే చాలు, దారాన్ని తనే చుట్టేసుకునే మోటారు రీలు. బాపు ఎడమచేతి బొటనవేలు ఒక్కటి పనిచేస్తే చాలన్నమాట. అమ్మ ఆ డబ్బాల మధ్య నడవడానికి దారి వెతుక్కుంటూ, "మీ అక్క పెండ్లికి గూడ గిన్ని సామాన్లు తేలే రా" అంది. బాపు మంచం మీద నుంచి ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకున్నాడు. ఆ ఒక్క కన్ను తెరవడమే మాకు పెద్ద విజయంగా తోచింది.

ముందు మేం ఇద్దరం మా ఊరి చెరువు దగ్గర పరీక్ష చేద్దామనుకున్నాం. బావ డ్రోనును ఒక తువ్వాలు మీద పెట్టి, దండం పెట్టి, ఫోనులో మీట నొక్కాడు. అది కదల్లేదు. మళ్లీ నొక్కాడు. దీపాలు వెలిగించుకుని మమ్మల్ని చూస్తూ కూర్చుంది. ఆపి, తీసి, మళ్లీ పెట్టి, తూర్పుకు తిప్పి, పడమరకు తిప్పి, చివరికి తువ్వాలు కూడా మార్చాం. అప్పుడు బావ ఫోనులో ఎర్రగా వచ్చిన అక్షరాలను తీరిగ్గా చదివాడు. "విమానాశ్రయానికి దగ్గరలో ఉన్నామట. ఇక్కడ ఎగరదట" అన్నాడు. ఆయన ఆ మాట అంటుండగానే మా ఇద్దరి నెత్తి మీద నుంచి ఒక విమానం, చక్రాలు దించుకుని, చెవులు చిల్లులు పడేలా పోయింది. నేను మెడలో కార్డు వైపు చూసుకున్నాను. రోజూ ఆ గోడ లోపల పనిచేస్తూ, ఆ గోడ పక్కన డ్రోను ఎగరకూడదన్న ముక్క నాకు తట్టలేదు! పిట్ట వాలితే చాలు పటాకులు పేల్చి తరిమే చోటు అది. ఒకవేళ ఆ డ్రోను ఎగిరి ఉంటే నా గతేమిటో తలుచుకుని తువ్వాలు మీదే కూలబడ్డాను.

బావ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. ఆదివారం హిమాయత్ సాగర్ వైపు పోయాం. అక్కడ ఫోనులో ఎరుపు పోయి పసుపు వచ్చింది. పసుపంటే ఎగరొచ్చా ఎగరకూడదా అని బావ గట్టు మీద నిలబడి చదువుతూ ఉండగా కాపలా మనిషి కర్ర ఊపుకుంటూ వచ్చాడు. "ఏంది సారూ గది?" అన్నాడు. బావ ఉన్నది ఉన్నట్టు, "చేపలు పట్టే డ్రోనండీ" అన్నాడు. కాపలా మనిషి మమ్మల్ని కిందికీ పైకీ చూసి, "గివి మంచినీళ్లు సార్. గియ్యన్ని ఈడ నడ్వయి. జర తొవ్వ వట్టుర్రి" అన్నాడు. కారులో కూర్చున్నాక బావ ఫోనులో పటం పెద్దది చేసి చూపించాడు. డ్రోను ఎగరకూడని చోటంతా ఒక పెద్ద ఎర్ర గుండ్రం. దాని బొడ్డు దగ్గర మా ఊరు. రాష్ట్రం మొత్తంలో డ్రోను కొనకూడని ఇల్లు ఏదని వెతికితే, సరిగ్గా మా గడప దగ్గరికే వచ్చి ఆగుతుంది. నేను దిగులుతో అటు తిరిగి కూర్చున్నాను. బావ ఆ గుండ్రం అంచును వేలితో తడుముతూ, షాద్‌నగర్ దాటాక ఎక్కడో లోపల ఒక చిన్న నీలం చుక్కను పట్టుకున్నాడు. చెరువు!

ఆ చెరువులో చేపల మీద హక్కు ఆ ఊరి మత్స్యకారుల సంఘానిది. సంఘం పెద్దమనిషిని కలిసి బాపు సంగతి చెప్పాం. ఆయన మంచివాడు, మిరుగు నాడు ఒక్క గాలం వేసుకోమన్నాడు. కానీ డ్రోను మాట వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "గట్లయితే నా బర్రెల్ని పైకెళ్లి ఒక ఫోటో కొట్టాలె. అన్నీ ఒక్కదాంట్ల రావాలె" అని షరతు పెట్టాడు. అది కూడా ఒప్పుకున్నాం. ఇక మిగిలింది బాపును ఒప్పించడం. నేను బతిమాలాను, అక్క ఏడ్చింది, బావ డ్రోను గురించి ఉపన్యాసం ఇచ్చాడు. బాపు గోడవైపే ఉన్నాడు. చివరికి, "అది ఎగురుతదా?" అని అడిగాడు.

"ఎగురుతది బాపు."

"ఎగరది."

"ఎగురుతది. నీకు కండ్లార చూపిస్త, రా."

"ఎగరదని చూడనీకె వస్త" అన్నాడు బాపు. ఎందుకు వస్తేనేం, వస్తానన్నాడు. అమ్మ వంటింట్లోకి పోయి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మిరుగు నాడు మబ్బు పట్టి చల్లగా ఉంది. బాపును కారులో ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకుపోయి, చెరువు ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీ వేసి దించాం. సంఘం పెద్దమనిషి తన బర్రెలను తోలుకుని అప్పటికే వచ్చి ఉన్నాడు. ఎదురుగా నేలలో గాలం కర్ర పాతాం, దానికి మోటారు రీలు, దాని పక్కన అరిచే పరికరం. బాపు ఎడమచేతి బొటనవేలిని మీట మీద పెట్టి చూపించాం. ఎర కోసం నేను మా పెరట్లో వానపాములు తవ్వి తెచ్చాను. బావ మాత్రం దూరదేశం నుంచి తెప్పించిన రబ్బరు చేపపిల్లను తీశాడు. తళతళ మెరుస్తోంది. "అచ్చం నిజమైనదనుకుంటాయి మామయ్య గారూ" అన్నాడు. బాపు దాన్ని ఎడమ చేత్తో అటూ ఇటూ తిప్పి చూసి, "మెడల ఏసుకోనీకె బాగుంటది" అని తిరిగి ఇచ్చేశాడు.

డ్రోను ఎగిరింది! నిజంగా ఎగిరింది. గుయ్యిమంటూ దారం కొసనున్న గాలాన్ని మోసుకుని లేచేసరికి బాపు నోరు తెరుచుకుని ఆకాశంలోకి చూశాడు. ఆ ముఖం చూసి నేను గెలిచేశాననుకున్నాను. ఆ సంతోషంలో బావ వదలాల్సిన చోటుకు ముందే మీట నొక్కాడు. గాలం పోయి పెద్దమనిషి బర్రె వీపు మీద పడింది. అది మమ్మల్ని ఒకసారి చూసి, ఒళ్లు విదిలించి, రబ్బరు చేపను బురదలో తొక్కేసింది. రెండోసారి వానపాముతో పంపాం. ఈసారి నడి చెరువులో, లోతు ఉన్న చోట పడింది. తర్వాత బావ చేపల్ని చూపించే బంతిని నీళ్లలోకి విసిరాడు. ఫోనులో నాలుగు పెద్ద చేపలు కనిపించాయి, కదలకుండా, వరసగా. "చూశారా, చూశారా, అబ్బా, ఎంత లావున్నాయో!" అని బావ గంతులేశాడు. కాసేపటికి ఆ నాలుగు చేపలూ కలిసికట్టుగా ఒడ్డుకు నడిచాయి. వాటి మీద ఒక బర్రె ఉంది.

అరిచే పరికరం కథ ఇంకా ఘోరం. మొదటిసారి కుయ్యిమనగానే ముగ్గురం పరిగెత్తాం. గాలి. రెండోసారి దారం మీద తూనీగ వాలింది. మూడోసారి ఎవరూ ఏమీ చేయలేదు, దానికే అరవాలనిపించినట్టుంది. ప్రతిసారీ బాపు ఉలిక్కిపడుతున్నాడు. "మామయ్య గారికి గుండె దడ వస్తుంది. కాసేపు దీని నోరు కట్టేద్దాం" అని బావ దాన్ని ఆపేశాడు. నేను సరేనన్నాను. ఎవరైనా సరేననే అంటారు, అప్పుడది అంత విసిగించింది.

ఇక సంఘం పెద్దమనిషి మా వెనకే నిలబడి గొంతు సవరించుకోవడం మొదలుపెట్టాడు. బర్రెల ఫోటో బాకీ. గాలం ఎలాగూ నీళ్లలో ఉంది కదా అని డ్రోనును బర్రెల మీదికి పంపాం. "అన్నా, ఆ కొసకున్న గుడ్డిబర్రె రాలే. జర ఇంక పైకి. ఇంకొంచెం అవుతలికి" అని ఆయన ఫోనులోకి తల దూర్చి చెబుతూ పోయాడు. బావ పైకి పంపుతూ పోయాడు. అప్పుడే వానగాలి ఒక్క విసురు విసిరింది. డ్రోను పక్కకు ఒరిగి, గాల్లో పల్టీ కొట్టి, చెరువు అవతలి కొసన తుంగలో పడిపోయింది. బావ నోట్లోంచి వచ్చిన కేక తన పెళ్లి నాడు మంటపం కూలినా అంత గట్టిగా వచ్చేది కాదేమో. ముగ్గురం పరిగెత్తాం. నేను వెనక్కి తిరిగి, "బాపు, ఇప్పుడే వస్త" అన్నాను. బాపు పొమ్మన్నట్టు ఎడమ చెయ్యి ఊపాడు.

తుంగలో మోకాళ్ల దాకా బురద. చెప్పులు ఒక్కొక్కటే చెరువుకు సమర్పించుకున్నాం. ఫోనేమో "ఇక్కడే ఉంది, ఇక్కడే ఉంది" అని చూపిస్తుంది, ఎక్కడ చెయ్యి పెట్టినా తుంగ దుబ్బులే. పెద్దమనిషి ఒక వైపు, బావ ఒక వైపు, నేను ఒక వైపు వంగి వెతుకుతుంటే ఎంతసేపు గడిచిందో తెలియలేదు. మొత్తానికి బావకే దొరికింది. ఒక రెక్క విరిగింది గానీ దీపం ఇంకా వెలుగుతోంది. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని, ఏడుపూ నవ్వూ కలిసిన ముఖంతో ఒడ్డుకు వచ్చాడు. చినుకులు మొదలయ్యాయి. నేను దూరం నుంచే సంబరంగా, "బాపు, దొరికింది, దొరికింది!" అని అరుచుకుంటూ పరిగెత్తాను.

కుర్చీ వెనక్కి పడి ఉంది. బాపు కుర్చీలో లేడు. కర్ర లేకుండా, నీళ్ల అంచున బురదలో కూర్చుని ఉన్నాడు. పంచె మొల దాకా తడిసింది. పాతిన గాలం కర్ర పక్కకు వాలి ఉంది, దారం తెగి గాలిలో ఊగుతోంది. నన్ను చూసి, "పోయింది" అన్నాడు.

"ఏంది బాపు?"

"చాప."

బాపు ఆయాసపడుతూ, ఆగి ఆగి చెప్పాడు. దారం గుంజిందట. మీట నొక్కితే రీలు గుర్రుమని ఆగిపోయిందట. అప్పుడు లేచి, దారాన్ని ఎడమ చేతికే చుట్టుకుని గుంజాడట. చేప దగ్గరదాకా వచ్చిందట. ఒక్కసారి పైకి లేచి తోక కొట్టిందట. ఒక్క చేత్తో ఇక వల్ల కాలేదు. "ఒర్రిన రా. శానసేపు ఒర్రిన. నా గొంతు మీ దాంక రాలే" అన్నాడు. ఎడమ అరచేతిలో దారం కోసుకుపోయి ఎర్రగా చార తేలింది. ఆ అరచేతిని పట్టుకుని నేను ఆ వానలో, ఆ బురదలో, నా మెడలో కార్డుతో సహా, వెక్కి వెక్కి ఏడ్చాను. చేప కొరికితే ఎంత దూరంలో ఉన్నవాడికైనా వినబడేలా అరిచే పరికరం, నోరు కట్టేసి, ఆయన మోకాలి పక్కనే ఉంది. దాని జోడీ తుంగలో వెతుకుతున్న బావ జేబులోనే ఉంది. చెరువు అడుగున ఉన్న చేపల్ని చూడగలిగే సరంజామా అంతా తెచ్చుకుని, ఒడ్డున కూర్చున్న మనిషి వైపు ముగ్గురిలో ఒక్కరం కూడా తల తిప్పలేదు. బాపు కొంచెంసేపు చూసి, "ఊకో రా. చాప పోతే నేను ఏడ్వాలె గని నువ్వెందుకు ఏడుస్తున్నవ్?" అన్నాడు.

ఇంటి దగ్గర దిగాక బావ నన్ను పక్కకు పిలిచి, "మరోలా అనుకోకు బావమరిదీ. దారం ఏ రాతికో పట్టుకుని ఉంటుంది. రాతికి పట్టినా గుంజినట్టే ఉంటుంది" అని గుసగుసగా అన్నాడు. నేను ఆయన నోరు మూశాను. కానీ ఆ మాట నా లోపల పడింది, పోలేదు.

అమ్మ పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా చేప కొనుక్కొచ్చి పులుసు పెట్టి ఉంచింది. "మీ మీద నమ్మకం లేక కాదు, మీ డబ్బాల మీద" అంది నాతో. బాపు ముందు కంచం పెట్టి భయం భయంగా నిలబడింది. కొన్న చేప. ఆయన కంచం నెట్టేస్తాడని, మళ్లీ గోడవైపు తిరుగుతాడని నేను ఆ కంచం వైపే చూస్తూ కూర్చున్నాను. ఈసారి గోడవైపు తిరిగితే ఆయనను ఇటు తిప్పడం ఇక మా వల్ల కాదని తెలుసు. బాపు ఎడమ చేత్తో ముక్క తీసుకుని, తిని, "ఇదేం చాప? నాది సూడాలె నువ్వు" అన్నాడు. దవాఖాన నుంచి వచ్చాక ఆయన తనంతట తాను ఒక సంగతి ఎత్తుకోవడం అదే మొదలు. "ఎంతుండె?" అంది అమ్మ. బాపు చూపించడానికి ఎడమ చెయ్యి పైకెత్తాడు. చేప ఎంత పెద్దదో ఒక్క చేత్తో చూపించడం కుదరదు కదా. తల ఇక్కడుందని ఎడమ చెయ్యి చెబితే, తోక ఎక్కడుందో కుడి చెయ్యే చెప్పాలి. ఆయన తన ఒళ్లోకి చూసుకున్నాడు. పెదవులు బిగించాడు. ఒళ్లోంచి ఆ కుడి చెయ్యి, వణుకుతూ, బెత్తెడు పైకి లేచింది.

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "నిజమా రా?" అని నన్ను అడిగింది. ఆమె అడిగింది చేప గురించో చెయ్యి గురించో నాకు తెలియదు. "నిజమే అమ్మ. గంత పెద్దది. నేను చూసిన" అన్నాను. బాపు నా వైపు చూశాడు. నేను ఆ సమయంలో ఎక్కడ, ఎటు తిరిగి, ఏం వెతుకుతున్నానో ఆయనకు తెలుసు. అయినా, "ఆఁ, వాడు చూసిండు" అన్నాడు.

ఆ తర్వాత మా ఇంటికి ఎవరొచ్చినా బాపుకు ఆ చేపే కథ. పాలవాడు, పక్కింటివాళ్లు, చివరికి ఆ డాక్టరు కూడా విన్నాడు. "నమ్మకపోతే వాన్ని అడుగుర్రి" అని నన్ను చూపించేవాడు. నేను చూశాననేవాణ్ని. బావ వచ్చినప్పుడల్లా, "నేనూ చూశానండీ, అబ్బో, చాలా పెద్దది" అని తన పద్ధతిలో సాక్ష్యం చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ చేప కొంచెం పెరిగేది, అంటే కుడి చెయ్యి ఇంకొంచెం దూరం జరిగేది. ఆ చేప మూరెడు దాటిన నాడు అమ్మ చక్కెర పొంగలి వండింది. అయితే అంతా కథల్లోలాగా జరగలేదు. ఆ చెయ్యి మళ్లీ గాలం పట్టలేదు, నాగలి పట్టలేదు. చొక్కా గుండీ పెట్టుకునేదాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది. చేప పెరగడం కూడా అక్కడే ఆగింది.

బాపు పోయి కొంతకాలమైంది. రెక్క విరిగిన డ్రోనును బావ బాగుచేయించి, దూరంగా ఎక్కడో పెళ్లి ఫోటోలు తీసేవాళ్లకు ఇచ్చేశాడు. నేనిప్పుడు మిరుగు నాడు అందరితో పాటు బుట్టల ముందు తోసుకుంటూ నిలబడి చేప కొంటాను. ఆ తుంగలో వీపు చూపించి వంగిన కుర్రవాణ్ని తలుచుకుని అక్కడే ఒక్కణ్నే నవ్వుకుంటే, చేపలమ్మే అక్క కూడా ఎందుకో తెలియకుండానే నవ్వుతుంది. ఇంటికొచ్చాక మా చిన్నది ఆ కథ చెప్పమంటుంది, తాత చేప ఎంత పెద్దదని అడుగుతుంది. నా రెండు చేతులూ బాగానే ఉన్నాయి, ఎంత దూరమైనా చాపగలను. అయినా బాపు చెయ్యి ఆగిన చోటే నా చేతినీ ఆపి, "గింత" అంటాను. అదింకా పెద్దది కావాలని పేచీ పెడుతుంది. ఎంత ఏడ్చినా నేను ఒక్క వేలు కూడా జరపను.